ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రగ్బీ శనివారం

మా తమ్ముడు హైదరాబాద్‌లో కాలేజీ రోజుల్లో రగ్బీ ఆడేవాడు. మోకాలు దెబ్బతిని మానేశాడు కానీ ఆ పిచ్చి పోలేదు. ఇప్పుడు బెర్లిన్‌లో ఉద్యోగం. ఏప్రిల్‌లో నేను వాడి దగ్గరికి వెళ్తే, "అక్కా, కోటలూ చర్చిలూ తర్వాత. ముందు నీకో క్లబ్బు చూపించాలి" అని ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకెళ్లాడు. అటు నుంచి హైడెల్‌బెర్గ్. మొత్తం నాలుగు రోజులు.

ఆ క్లబ్బు ఎస్.సి. (స్పోర్ట్స్ క్లబ్) 1880 ఫ్రాంక్‌ఫర్ట్. పుట్టిన సంవత్సరమే పేరులో ఉంది. మొదట్లో దాన్ని ఎఫ్.సి. 1880 అనేవారు, అంటే ఫుట్‌బాల్ క్లబ్బు. ఆడింది మాత్రం రగ్బీ. అప్పట్లో జర్మనీలో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తినా, కాలితో తన్నినా ఫుట్‌బాలే. హానోవర్‌లో 1878లో మొదలైన క్లబ్బుది కూడా ఇదే కథ.

1900లో పారిస్ ఒలింపిక్స్‌లో రగ్బీ పెట్టారు. జర్మనీ తరఫున వెళ్లింది దాదాపుగా ఈ క్లబ్బు జట్టే, బయటివాళ్లు కొద్దిమందే. అక్టోబర్ 14న ఫ్రాన్స్ మీద ఆడి 27-17తో ఓడిపోయారు. రెండు వారాల తర్వాత బ్రిటన్ జట్టు కూడా ఫ్రాన్స్ చేతిలో 27-8తో ఓడింది. జర్మనీ, బ్రిటన్ ఒకరితో ఒకరు ఆడనే లేదు కాబట్టి ఇద్దరికీ వెండి పతకమే. జర్మన్ రగ్బీ సమాఖ్య కాసెల్‌లో పుట్టింది అదే ఏడాది నవంబర్ 4న. అంటే ఫ్రాన్స్‌తో మ్యాచ్ అయ్యాక సరిగ్గా మూడు వారాలకి. దేశానికి ఒక సంఘం అంటూ లేనప్పుడే ఒక ఊరి క్లబ్బు వెళ్లి ఒలింపిక్స్ ఆడొచ్చింది. రైల్లో తమ్ముడు ఇది చెప్తుంటే వాడి గొంతు మారిపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని డోర్న్‌బుష్ స్టేషన్‌లో యూ-బాన్ (మెట్రో రైలు) దిగి ఇళ్ల మధ్యలోంచి నడిచాం. నేను స్టేడియం ఊహించుకున్నాను. అక్కడున్నది చెట్లు, టెన్నిస్ కోర్టులు, హాకీ మైదానం, వాటి పక్కన గడ్డి మైదానం. తాడుకి ఇవతల నిలబడితే ఆటగాళ్లు నాలుగడుగుల దూరంలో ఉంటారు. బంతి కోసం రెండు జట్లూ ఒకదాన్నొకటి నెట్టుకునే స్క్రమ్‌లో అటు ఎనిమిదిమంది, ఇటు ఎనిమిదిమంది తలలు వంచి భుజాలు కలిపినప్పుడు వచ్చే ఆ దబ్బుమనే చప్పుడు టీవీలో ఎప్పుడూ వినపడదు. నాకు ఒళ్లు జలదరించింది. తడి మట్టి వాసన, వాళ్ల ఊపిరి, గట్టిగా ఒక్క అరుపు, అంతే.

మ్యాచ్ అయిపోగానే రెండు జట్లూ వరసగా నిలబడి ఒకరికొకరు చప్పట్లు కొట్టుకున్నారు. క్లబ్‌హౌస్ గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మట్టి దులుపుకుని లోపలికొచ్చారు. రెండో హాఫ్‌లో ట్రై చేసిన (అవతలి జట్టు గీత దాటి బంతిని నేలకి ఆనించి పాయింట్లు తెచ్చిన) కుర్రాడు అరగంట తిరక్కుండానే తడి జుట్టుతో కౌంటర్ వెనక నిలబడి అందరికీ బీర్లు అందిస్తున్నాడు. ఆట తర్వాత కలిసి తినడం, తాగడాన్ని వీళ్లు 'మూడో హాఫ్' అంటారు. నేను మాంసం తిననని తెలిసి ఒక పెద్దాయన బంగాళాదుంప సలాడ్, బ్రెడ్ తెచ్చి నా ముందు పెట్టి, పక్కనే కూర్చున్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మనీ 1927లో 17-16తో, 1938లో 3-0తో ఫ్రాన్స్‌ని ఓడించిందని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చి ఆ తరం ఆటగాళ్లలో ఎందరినో మింగేసిందని చెప్పి కాసేపు మాట్లాడలేదు. ఈ ఊళ్లో నేను తిన్న అతి మంచి భోజనం అదే. నాకు కలిసిన అతి మంచి మనుషులూ వాళ్లే.

బస విషయంలో మాత్రం పొరపాటు చేశాం. మెయిన్ స్టేషన్ ఎదుట ఒక చిన్న హోటల్‌లో రెండు రాత్రులు తీసుకున్నాం. రాత్రంతా వీధిలో గొడవ, కిటికీ సరిగ్గా పడదు, టిఫిన్‌కి ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వెళ్తే డోర్న్‌బుష్ వైపే గది చూసుకుంటాను, మైదానం కూడా దగ్గర. ఇంకొకటి, ఎగ్జిబిషన్లు జరిగే వారాల్లో, ముఖ్యంగా అక్టోబర్ పుస్తక ప్రదర్శన సమయంలో, ఇక్కడ గదుల రేట్లు ఆకాశాన్నంటుతాయి. తేదీలు చూసుకునే బుక్ చేయండి.

హైడెల్‌బెర్గ్‌కి డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజనల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్) మీద రీజనల్ రైల్లో వెళ్లాం. ఐసీఈ అనే వేగపు రైళ్లలో ఆ టికెట్ చెల్లదు. గంటకు పైనే పట్టింది, తొందర లేనివాళ్లకి ఇది చాలు. బస నెకర్ నదికి ఉత్తరాన, జూ దగ్గరి యూత్ హాస్టల్‌లో. శుభ్రంగా ఉంది, ఉతికిన దుప్పట్లు, కడుపునిండా టిఫిన్. సభ్యత్వం అడుగుతారు కాబట్టి మన దేశంలోని యూత్ హాస్టల్స్ అసోసియేషన్ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. కోట ఎటూ చూస్తారు కాబట్టి దాని గురించి రాయను.

ఇక్కడి రగ్బీ నదిలోంచే వచ్చింది. హైడెల్‌బెర్గర్ రూడర్‌క్లబ్ 1872 నాటి రోయింగ్ క్లబ్బు, 'రూడర్' అంటే తెడ్డే. ఊళ్లోని నోయెన్‌హైమ్ పేటలో ఇంగ్లిష్ పిల్లల స్కూలు ఒకటి ఉండేది, అక్కడి టీచరు ఎడ్వర్డ్ హిల్ ఉల్రిచ్ ఈ ఊళ్లో ఆటని నాటాడు. చలికి పడవలు ఒడ్డెక్కే నెలల్లో రోయర్లకి అది పనికొచ్చింది. ఆ క్లబ్బే 2010 నుంచి 2015 దాకా వరసగా ఆరుసార్లు జర్మన్ ఛాంపియన్. పొద్దున్నే వంతెన మీద నిలబడి కింద సన్నటి పడవల్లో వెళ్తున్న పిల్లల్ని చూస్తూ, వీళ్లలో ఎంతమంది సాయంత్రం బంతి పట్టుకుంటారో అనుకున్నాను.

మేం వెళ్లిన రోజు ఇక్కడ మ్యాచ్ లేదు, ఖాళీ మైదానం చూసి వచ్చేశాం. నాకది పెద్ద లోటే అనిపించింది. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలే, చలికాలంలో విరామం. ముందు మ్యాచ్ తేదీ, తర్వాత రైలు, ఆఖరున గది, ఈ వరసలో చూసుకుంటే మేలు.

బెర్లిన్ తిరిగి రాగానే తమ్ముడు అక్కడి ఒక క్లబ్బుకి మెయిల్ పెట్టాడు. టచ్ రగ్బీలో టాకిల్ (ఎదుటివాణ్ణి పట్టుకుని పడేయడం) ఉండదు, చేత్తో తాకితే చాలు, మోకాలు తట్టుకుంటుందని వాడి నమ్మకం. నేను విమానం ఎక్కే ముందు రోజు వెళ్లి బూట్లు కొనిచ్చాను.