కర్నూలులో ఇంటర్నేషనల్ స్కూల్: ఏడాది చదివించాక మా అనుభవం

పోయిన ఏడాది జూన్‌లో మా బాబును ఊరి బయట ఉన్న ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఒకటో తరగతిలో చేర్పించాం, ఏడాది పూర్తిగా చదివించి ఈ జూన్‌లో మార్చేశాం. స్కూలు పేరు రాయడం లేదు. అడ్మిషన్ల కోసం మళ్లీ తిరిగినప్పుడు ఇంకో రెండు మూడు చోట్ల కూడా ఆ స్కూల్లో చెప్పిన మాటే అచ్చంగా విన్నాను, "గేటు లోపల ఫుల్ ఇంగ్లిషే మేడమ్, తెలుగు ఒక్క ముక్క వినపడదు" అని. ఆ మాట విని మురిసిపోయి మేం డబ్బు కట్టాం. మీరు కట్టే ముందు ఇది చదవండి.

ముందు బాగున్నవి చెప్తాను. లైబ్రరీ నిజంగా బాగుంది. పిల్లలు నేల మీద కూర్చుని బొమ్మల పుస్తకాలు తిరగేసుకోవచ్చు, ప్రతి శుక్రవారం ఒకటి ఇంటికి పంపిస్తారు, మా వాడికి చదవడం మీద ఇష్టం పుట్టింది అక్కడే. బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, బస్సు టైముకి వస్తుంది. ఫీజు 92 వేలు, బస్సు 20 వేలు, పుస్తకాలు యూనిఫాం కలిపి 14 వేలు, మొత్తం లక్షా 26 వేలు అయ్యింది.

అడ్మిషన్ రోజు బాబుతో పాటు మా ఇద్దరికీ ఇంటర్వ్యూ పెట్టారు, ఇంగ్లిష్‌లో. మా ఆయనకు ఎరువుల షాపు ఉంది, పొద్దస్తమానం రైతులతో గలగలా మాట్లాడే మనిషి, అక్కడ తల వంచుకుని కూర్చున్నాడు. నేను తెలుగు మీడియంలో చదివి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని, ఏదో నెట్టుకొచ్చాను. ఇలా పిల్లాడికో తల్లిదండ్రులకో పరీక్ష పెట్టి సీటు ఇవ్వడం 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం తప్పు, మొదటిసారి దొరికితే 25 వేల దాకా జరిమానా ఉందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసుంటే ఆ కుర్చీలో కూర్చునేవాళ్లమే కాదు.

అసలు విషయం ఆగస్టులో జరిగింది. సాయంత్రం బాబు బస్సు దిగి బ్యాగు కూడా తీయకుండా వెళ్లి వాళ్ల జేజి ఒళ్లో పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. "చెవిలో పోటు జేజీ, పొద్దున్నించీ" అన్నాడు. మిస్‌కి చెప్పలేదా నాయనా అని అడిగితే, "చెవి పట్టుకుని చూపించినా, మిస్ గుడ్ బాయ్ అనింది" అన్నాడు. నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. వాళ్ల క్లాసులో రోజూ "టచ్ యువర్ ఇయర్, టచ్ యువర్ నోస్" అని ఆట ఆడిస్తారు. వీడు చెవి పట్టుకుంటే ఆట ఆడుతున్నాడనుకుని మెచ్చుకుంది ఆ అమ్మాయి. ఇయర్ అనే మాట వాడికి వచ్చు, పోటు అన్నదానికి ఇంగ్లిష్ మాట రాదు, తెలుగులో చెప్తే చార్టులో స్టార్ తీసేస్తారు. అందుకని పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా ఓర్చుకుని కూర్చున్నాడు, ఆరేళ్ల పిల్లాడు. గాయత్రీ ఎస్టేట్‌లో ఈఎన్‌టీ డాక్టరుకు చూపిస్తే లోపల చీము పట్టిందన్నారు.

మర్నాడు స్కూలుకు వెళ్లాను. ఆ టీచర్ మీద కోపంతోనే వెళ్లాను కానీ ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు తెలుగు రాక కాదు మేడమ్, క్లాసులో కెమెరా ఉంది, మాట్లాడితే పైనుంచి ఫోన్ వస్తుంది" అంది. ఆయమ్మను కూడా పిల్లలతో నోరు విప్పొద్దన్నారట, కమ్, సిట్, గో, ఈ మూడు మాటలు నేర్పించి పెట్టారు. అంటే అంత పెద్ద బిల్డింగులో పిల్లాడికి తన బాధ చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేరు. మేనేజ్‌మెంట్‌ను అడిగితే, ఇమ్మర్షన్ పద్ధతి (పిల్లల్ని పూర్తిగా కొత్త భాషలోనే ఉంచి నేర్పడం) అంటే అంతే, విదేశాల్లో కూడా ఇలాగే చేస్తారు అన్నారు.

ఆ రాత్రి నుంచి దాని గురించి దొరికిందల్లా చదివాను. ఈ ఇమ్మర్షన్ కెనడాలో క్యూబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో 1965లో మొదలైంది, ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఫ్రెంచ్ నేర్పడానికి తల్లిదండ్రులే పట్టుబట్టి పెట్టించుకున్నారు. అక్కడ టీచర్లు ఫ్రెంచ్‌లోనే మాట్లాడేవాళ్లు కానీ వాళ్లకు పిల్లల భాష బాగా అర్థమయ్యేది, మొదట్లో పిల్లలు ఇంగ్లిష్‌లో చెప్పినా విని ఫ్రెంచ్‌లో జవాబిచ్చేవాళ్లు. రెండో తరగతికొచ్చేసరికి ఇంగ్లిష్ కూడా ఒక సబ్జెక్టుగా చెప్పేవాళ్లు. ఎవరి నోరూ నొక్కలేదు. మన దగ్గర పేరు మాత్రం అది పెట్టి, వినే చెవి తీసేశారు.

ఇంటర్నేషనల్ అన్న మాట సంగతీ అంతే. ఆ పదం బోర్డు మీద రాసుకుంటే ఏ పరీక్షా బోర్డు అనుమతీ వచ్చినట్టు కాదు. జెనీవా కేంద్రంగా 1968లో మొదలైన ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్) బోర్డు ఉంది, కేంబ్రిడ్జ్ బోర్డు ఉంది, ఆ అనుమతి ఉన్న స్కూళ్ల పేర్లు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూసుకోవచ్చు. ఐబీ స్కూళ్లయితే పిల్లల ఇంటి భాషకు ఎలా తోడ్పడతాయో కూడా భాషా విధానంలో రాసిపెట్టాలి. మేం చేర్పించిన చోట ఇవేవీ లేవు, "సీబీఎస్ఈ సిలబస్" అని చెప్పారు. సిలబస్ వేరు, అఫిలియేషన్ (బోర్డు ఇచ్చే గుర్తింపు) వేరు. అఫిలియేషన్ నంబరు అడిగి సీబీఎస్ఈ సైట్లో మీరే కొట్టి చూడండి, చేర్పించేటప్పుడు మేం చూడలేదు, ఫిబ్రవరిలో చూస్తే అసలు అఫిలియేషనే లేదు.

ఇంగ్లిష్ వచ్చిందా అని అందరూ అడుగుతున్నారు. చదవడం వచ్చింది, చిన్న చిన్న కథలు కూడబలుక్కుని చదువుతాడు. మాట్లాడటం మాత్రం మే ఐ కమ్ ఇన్, ఎస్ మిస్, రైమ్స్, అక్కడితో ఆగిపోయింది. ఈరోజు స్కూల్లో ఏం జరిగిందో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పమంటే చెప్పలేడు. తప్పు మాట్లాడితే దిద్దేవాళ్లుంటే కదా వస్తుంది, వీడు ఏడాదంతా నోరు మూసుకుని కూర్చున్నాడు. దసరా సెలవుల్లో ఇంట్లో అన్నం తింటూ నన్ను ఒక మాట అడిగాడు. "అమ్మా, ఇది తెలుగులో చెప్పొచ్చా?" అని. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి.

నేను ఇంగ్లిష్ మీడియం వద్దనడం లేదు. ఇప్పుడు వేసిన స్కూలు కూడా ఇంగ్లిష్ మీడియమే, వెంకటరమణ కాలనీ వైపు, 48 వేల ఫీజు, ఏసీ లేదు, గ్రౌండ్ చిన్నది. కానీ అక్కడికి వెళ్లిన రోజు నేను ఆఫీసులో కూర్చోలేదు, ఒకటో తరగతి కిటికీ దగ్గర అరగంట నిలబడతానని అడిగితే సరేనన్నారు. ఒక పాప "మిస్, వాడు నా పెన్సిల్ గుంజుకున్నాడు" అంది. టీచర్ వంగి విని, "హీ టుక్ యువర్ పెన్సిల్? టెల్ హిమ్, గివ్ మీ మై పెన్సిల్" అంది. పాప ఆ వాక్యం అట్లాగే వాడికి చెప్పింది, వాడు ఇచ్చేశాడు. నేను ఆ సాయంత్రమే అప్లికేషన్ తీసుకున్నాను.

మీరు ఎక్కడికి వెళ్లినా పిల్లలు క్లాసులో ఉన్న టైములో వెళ్లండి, ఆదివారం ఓపెన్ హౌస్‌కు కాదు. పిల్లాడికి కడుపునొప్పి వస్తే ఎవరికి ఏ భాషలో చెప్పుకోవాలని సూటిగా అడగండి. తెలుగు మాట్లాడితే స్టార్లు తీసేయడం, ఫైన్ వేయడం ఉందా అని అడగండి, ఉందంటే లేచి వచ్చేయండి. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని ముందు చెప్పిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది, వీలైనంతవరకు మాతృభాషలో చదువు చెప్పాలని 29వ సెక్షన్‌లో ఉంది, కనీసం ఐదో తరగతి వరకు వీలైన చోటల్లా అలా చేయమని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్పింది.

ఇంకొకటి, స్కూలు మార్చాలనుకుంటే టీసీ కోసం ఏప్రిల్‌లోనే రాతపూర్వకంగా అప్లికేషన్ ఇచ్చి, అందిందని సంతకం చేయించుకోండి. మేం జూన్ మొదట్లో నోటిమాటగా అడిగాం, చేతికి రావడానికి 19 రోజులు పట్టింది, అన్ని రోజులూ బాబు ఇంట్లోనే ఉన్నాడు.