గృహరుణానికి పత్రాల పరిశీలన: ఒక బ్యాంకు శాఖలో నా అనుభవం
గృహరుణానికి దరఖాస్తు చేసినప్పుడు, మా ఊరి బ్యాంకు శాఖలోని అధికారిణి వడ్డీ సంగతి ఎత్తకముందే నా పాన్ కార్డునూ ఆధార్‌నూ పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉండడాన్ని వేలితో చూపించారు. ఆ తేడాను అప్పుడే సరిచేయించుకోగలిగాను, అందుకు ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను. ఆధార్‌లో పాత అద్దె ఇంటి చిరునామా ఉన్నప్పటికీ, నా పేరు మీద రెండు నెలలు దాటని పోస్ట్‌పెయిడ్ ఫోన్ బిల్లు ఉంటే ప్రస్తుతానికి సరిపోతుందనీ, మూడు నెలల్లోగా కొత్త చిరునామా ఉన్న ఆధార్ సమర్పించాలనీ రిజర్వు బ్యాంకు నిబంధనను ఓపికగా వివరించారు. అయితే ముందుగా ఇచ్చిన పత్రాల జాబితాలో ఈ వెసులుబాటు ప్రస్తావనే లేకపోవడం పెద్ద లోపం. దానివల్ల నాకు ఒక రోజు సెలవు వృథా అయింది. సంతకం చేసిన జిరాక్సులతోపాటు అసలు పత్రాలనూ తీసుకువెళ్ళండి, సరిచూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు.