సైడ్‌వాక్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి? ప్రాపర్టీ టాక్సా, కార్ ట్యాబ్సా, సేల్స్ టాక్సా – ఏది మేలు?

అక్టోబర్ సగంలో బ్యాలెట్లు పోస్టులో వస్తాయి. వచ్చిన రోజు సాయంత్రానికే మా సియాటిల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. "అన్నా, ఈ లెవీకి యెస్ కొట్టాలా, నో కొట్టాలా?" "మళ్ళీ ప్రాపర్టీ టాక్సేనా? ఇప్పటికే లోన్‌తో పాటు పన్నుకు కట్టే ఎస్క్రో పెరిగిపోయి టెన్షన్‌గా ఉంది." "సైకిల్ తొక్కేవాళ్ళ కోసం నేనెందుకు కట్టాలి? కార్ల మీద వేసుకోమనండి."

ఏళ్ళ తరబడి వీటికి ముక్తసరిగా జవాబిస్తూ వచ్చాను. 2024 నవంబర్‌లో నాకే మొదటిసారి ఓటు వచ్చింది. తొమ్మిదేళ్ళు ఇంటి పన్ను కట్టి, ఓటు లేక ఊరుకున్నవాణ్ణి. ఒక్కసారిగా 155 కోట్ల డాలర్ల లెవీ మీద నా మాట చెప్పాల్సి వచ్చింది. లెవీ అంటే ఓటర్లు ఒప్పుకుంటే కొన్నేళ్ళ గడువుతో వేసే అదనపు ఇంటి పన్ను; ఇది రోడ్లు, బస్సులు, సైడ్‌వాక్‌ల కోసం. అందుకే ఆ వారం కూర్చుని ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను.

లెక్కలకు ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ వేసవిలో నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గర ఐదు నెలలున్నారు. అక్కడ తెల్లవారకముందే లేచి కాలవ గట్టు వెంట నడిచే అలవాటు. ఇక్కడ కారు నడపరు, అంటే ఆయనకు కాళ్ళే బండి. మా ఇల్లు 85వ వీధికి ఉత్తరాన ఉంది. ఈ ప్రాంతాన్ని 1954లో సియాటిల్‌లో కలిపే నాటికే ఇక్కడ ఎన్నో వీధులు సైడ్‌వాక్ లేకుండా తయారైపోయాయి. ఒకరోజు పొద్దున్న నేనూ ఆయన వెంట వెళ్ళాను. తారు రోడ్డు అంచు, దాని పక్కన కంకర, ఆ పక్కన వాననీటి గుంట. ఆరోజు చెత్త తీసుకెళ్ళే రోజు కావడంతో ఇంటికి మూడు చొప్పున డబ్బాలు ఆ కంకర మీదే నిలబెట్టి ఉన్నాయి. డబ్బాలు అడ్డొచ్చిన ప్రతిసారీ నాన్న ఆగుతున్నారు. మెడ తిప్పి వెనక్కి చూసి, రోడ్డు మీదకు దిగి, గబగబా నాలుగడుగులు వేసి, మళ్ళీ కంకర మీదకు వస్తున్నారు. మోకాలి నొప్పి ఉన్న మనిషి. నాలుగిళ్ళు దాటాక "ఇంత పెద్ద ఊళ్ళో నడిచేవాడికి బాట లేదేంట్రా?" అన్నారు.

సియాటిల్ వీధుల్లో దాదాపు పావు వంతుకు సైడ్‌వాక్ లేదు. అందుకే ఈ డబ్బంతా సైకిళ్ళ కోసమే అనుకోవడం సరికాదు. 2024 లెవీలో పాదచారుల భద్రతకు, సైడ్‌వాక్‌లకు 19.3 కోట్ల డాలర్లు పెట్టారు, సైకిళ్ళకు 13.35 కోట్లు. మిగిలిన పెద్ద వాటా రోడ్లు, వంతెనలు, బస్సులకే పోతుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పిల్లలు స్కూలుకు నడిచినప్పుడు, బస్ స్టాప్‌కి మనమే నడిచినప్పుడు వాడుకునేది ఆ 19.3 కోట్లనే.

కార్ ట్యాబ్స్

కారు రిజిస్ట్రేషన్‌కు ఏటా కట్టే ఫీజు ఇది. మన గ్రూపులో ఎక్కువమంది కోరేది ఇదే. రోడ్డును అరగదీసేది కారు, కాబట్టి కారే కట్టాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఇక్కడ నగరాలు వేసే ట్యాబ్ ఫీజు అందరికీ ఒకటే. పదిహేనేళ్ళ పాత కరోలాకు ఎంతో, నిన్న కొన్న టెస్లాకూ అంతే. ఇద్దరు పిల్లలతో రెండు పాత కార్లు నడుపుకునే కుటుంబం కొత్త టెస్లా ఒక్కటున్న ఇంటికి రెట్టింపు కడుతుంది.

2011లో సియాటిల్ ఇదే అడిగింది. ఏడాదికి 60 డాలర్ల చొప్పున పదేళ్ళపాటు కడితే బస్సులకు, రోడ్ల మరమ్మతుకు, నడక, సైకిల్ పనులకు మొత్తం 20 కోట్ల డాలర్ల పైచిలుకు వస్తుందన్నారు. ఓటర్లు వద్దన్నారు. 2014లో అదే 60 డాలర్లను బస్సుల కోసమని అడిగితే ఒప్పుకున్నారు. అయితే 2019లో కార్ ట్యాబ్స్‌ను 30 డాలర్లకు కుదించే ఐ-976 అనే ప్రజా ప్రతిపాదన (ఇనిషియేటివ్) వాషింగ్టన్ రాష్ట్రమంతటా గెలిచింది. సియాటిల్ ఓటర్లు దానికి వ్యతిరేకంగానే ఓటేశారు, అయినా రాష్ట్రం మొత్తం లెక్కలో అది నెగ్గింది. 2020 అక్టోబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ డబ్బు ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియలేదు. మన ఊరి సైడ్‌వాక్ డబ్బు మనకు సంబంధం లేని జిల్లాల ఓటుతో ఆగిపోయే వీలుందంటే, దాని మీద పదేళ్ళ పని పెట్టుకోవడం కష్టం. పైగా 50 డాలర్ల దాకా అయితే నగర కౌన్సిల్ మన ఓటు అడక్కుండానే వేసుకోవచ్చు.

సేల్స్ టాక్స్

దీని మీద ఎక్కువ చెప్పను. మన రాష్ట్రంలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, ఆ లోటులో పెద్ద వాటా సేల్స్ టాక్సే మోస్తోంది. సియాటిల్‌లో ఇది పది శాతం దాటి చాలా కాలమైంది. 2020లో బస్సుల కోసం 0.15 శాతానికి ఓటర్లు ఒప్పుకున్నారు. వెయ్యి డాలర్ల కొనుగోలుకు అది డాలరున్నరే, ఎవరికీ పెద్దగా తెలియలేదు. తెలియకపోవడమే దీని బలం, నా దృష్టిలో లోపం కూడా అదే. సంపాదించినదంతా నెల తిరిగేలోపే ఖర్చయిపోయే ఇంటి మీద దీని బరువు ఎక్కువ. కొనుగోళ్ళు తగ్గిన ఏడాది రాబడి కూడా తగ్గిపోతుంది. బస్సులు నడపడానికి వాడుకుంటే సరే, కాంక్రీటు పనులకు ఇంత ఊగిసలాడే డబ్బు పనికిరాదు.

ప్రాపర్టీ టాక్స్ లెవీ

నా మొగ్గు దీనివైపే. మనవాళ్ళ అభ్యంతరాల్లో బలమైనవి ఉన్నాయి, అందుకే వాటినే ముందు చెప్తాను.

మొదటిది భారం. 2024 లెవీ వల్ల మధ్యరకం ఇల్లు, అంటే 8,66,000 డాలర్ల ఇల్లు, నెలకు దాదాపు 45 డాలర్లు కట్టాలి. అంతకుముందున్న లెవీకి కడుతున్నదానికి ఇది రెట్టింపుకు దగ్గర. చిన్న మొత్తమేమీ కాదు. ఇంటి విలువ పెరిగినంత మాత్రాన చేతిలో డబ్బు పెరగదు. వయసు పైబడినవాళ్ళకు, వైకల్యంతో పని మానేసినవాళ్ళకు ఆదాయాన్ని బట్టి మినహాయింపు ఉంది, కానీ ఉద్యోగం పోయిన నలభై ఏళ్ళ ఇంజనీరుకు లేదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఇంటి విలువ 20 శాతం పెరిగితే లెవీ కూడా 20 శాతం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. వాషింగ్టన్‌లో అలా జరగదు. ముందు వసూలు చేయాల్సిన మొత్తం తేలుతుంది, దాన్ని విలువను బట్టి ఇళ్ళ మధ్య పంచుతారు. ఊళ్ళో అన్ని ఇళ్ళూ ఒకే తీరుగా పెరిగితే రేటు తగ్గుతుంది, మన వాటా మారదు. ఓటు లేకుండా నగరం ఆ మొత్తాన్ని కొత్త కట్టడాల లెక్క వదిలేసి ఏడాదికి ఒక్క శాతం మాత్రమే పెంచుకోగలదు. 2001 నాటి ఐ-747 పెట్టిన హద్దు అది. కోర్టు దాన్ని కొట్టేస్తే 2007లో శాసనసభ మళ్ళీ తెచ్చింది. సిమెంటు, కూలీ ధరలు ఒక్క శాతం దగ్గర ఆగవు కాబట్టి నగరం మాటిమాటికీ లెవీ పట్టుకుని మన దగ్గరికి వస్తుంది.

రెండో అభ్యంతరం మనసుకు తగిలేది. హెచ్‌1బీ మీదా, గ్రీన్‌కార్డు మీదా ఉన్న మనవాళ్ళు వేలమంది ఇళ్ళు కొన్నారు. ఏప్రిల్ 30కీ, అక్టోబర్ 31కీ పన్ను కడతారు, కానీ బ్యాలెట్ వాళ్ళ ఇంటికి రాదు. నేనూ ఆ వరుసలో ఉన్నవాణ్ణే. అయితే కార్ ట్యాబ్ గానీ, సేల్స్ టాక్స్ గానీ పెట్టినా ఆ అన్యాయం అలాగే ఉంటుంది. లెవీలోనైతే కనీసం బ్యాలెట్‌కు ముందు నెలల తరబడి బహిరంగ విచారణలు జరుగుతాయి. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. 2024లో మేయర్ మొదట పెట్టింది 135 కోట్ల ప్రతిపాదన. జనం మాట్లాడాక అది 145 కోట్లయింది, కౌన్సిల్ చేతికి వచ్చాక 155 కోట్లు. ఓటు లేనివాళ్ళు కూడా ఆ నెలల్లో తమ వీధి పేరు వినిపించవచ్చు.

ఇవన్నీ తెలిసి కూడా లెవీనే ఎందుకు ఎంచుకున్నానంటే, దానికి గడువు ఉంది. నాకు తేల్చి చెప్పిన సంగతి ఇదొక్కటే.

గడువు ఏం చేస్తుందో 2015 లెవీ చూస్తే అర్థమవుతుంది. తొమ్మిదేళ్ళకు 93 కోట్ల డాలర్లు. అంతకుముందు 2006లో వచ్చింది తొమ్మిదేళ్ళకు 36.5 కోట్లు. 2015లో ఓటర్లకు చెప్పిన మాటల్లో దాదాపు 50 మైళ్ళ రక్షిత సైకిల్ దారులు, 60 మైళ్ళ ప్రశాంత వీధులు (కార్ల జోరు తగ్గించి నడకకు, సైకిళ్ళకు అనువుగా చేసినవి), 250 బ్లాకుల కొత్త సైడ్‌వాక్‌లు ఉన్నాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2018లో, ఈ డబ్బుతో చెప్పినవన్నీ చేయలేమని నగరమే ఒప్పుకుంది. మైలుకు అయ్యే ఖర్చును తక్కువ అంచనా వేశారు, ఫెడరల్ గ్రాంట్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. సైకిల్ దారుల చిట్టా కుదించారు. ఆ రోజుల్లో నాకూ కోపం వచ్చింది, నమ్మి ఓటేసినవాళ్ళకు ఇంకా ఎక్కువ వచ్చి ఉంటుంది.

కానీ ఆ తప్పు బయటపడింది ఎలా? అంకెలు బ్యాలెట్‌తో పాటే కాగితం మీద ఉన్నాయి కాబట్టి. పర్యవేక్షణ కమిటీ వాటినే పట్టుకుని అడిగింది. 2024 చివరికి ఆ లెవీ అయిపోతుంది కాబట్టి నగరం మళ్ళీ మన గడప తొక్కక తప్పలేదు. అంతకుముందు చేసినదెంత, చేయనిదెంత చెప్పకుండా కొత్తది అడిగే వీల్లేకపోయింది. కొత్త లెవీకి మూడింట రెండు వంతుల ఓట్లు పడ్డాయి. మొత్తం ఎక్కువైనా 2015 కంటే ఎక్కువమంది యెస్ అన్నారు. 0.15 శాతం సేల్స్ టాక్స్ గురించి ఇలా మైళ్ళు లెక్కపెట్టి నిలదీసినవాళ్ళను నేను చూడలేదు.

ఇదే కొలత సియాటిల్ పక్క ఊరు బెల్వ్యూకి పెట్టి చూడండి. 2016లో అక్కడి ఓటర్లు వెయ్యి డాలర్ల విలువకు 15 సెంట్ల లెవీకి ఒప్పుకున్నారు. సైడ్‌వాక్‌లు, సైకిల్ దారులు, వీధుల భద్రత, ట్రాఫిక్ రద్దీ పనుల కోసం ఏడాదికి 74 లక్షల డాలర్లు. పది లక్షల డాలర్ల ఇంటికి మొదటి ఏడాది రేటున 150 డాలర్లు, అంటే సియాటిల్‌తో పోలిస్తే చాలా తేలిక. నిత్యం నడిచేవాళ్ళకు నేరుగా అందే పనులు. ఉద్దేశం విషయంలో నాకు బెల్వ్యూదే నచ్చింది. కానీ దాని గడువు 20 ఏళ్ళు! ఆనాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల ఉద్యోగంలో చేరేదాకా మళ్ళీ ఎవరూ ఓటు అడగరు. ఈ మధ్యలో ఊరికి వచ్చినవాళ్ళకు, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్ళకు దాని మీద మాటే లేదు. ఎంత మంచి పనైనా ఎనిమిది, తొమ్మిదేళ్ళకు మించి అడిగితే నేను ఆలోచిస్తాను.

మిగతావి

గ్యాస్ టాక్స్‌తో, అంటే పెట్రోలు మీద పన్నుతో, కట్టొచ్చు కదా అంటారు. 1944 నాటి సవరణ ప్రకారం రాష్ట్ర రాజ్యాంగం ఆ డబ్బును హైవే పనులకే కట్టేసింది. నగరాలు తమ వాటాలో కనీసం 0.42 శాతం బాటల మీద పెట్టాలనే చట్టం ఉంది, దాంతో మా వీధికి ఒక మూల కూడా పూర్తికాదు. కొత్త కట్టడాల మీద ఇంపాక్ట్ ఫీజును బెల్వ్యూ, రెడ్మండ్, కర్క్‌లాండ్ తీసుకుంటాయి. అది కొత్త ఇళ్ళ రద్దీకి సరిపడా పనులకే, డెబ్బై ఏళ్ళ నాటి లోటుకు కాదు. డెన్వర్ 2022లో ఒక్క సైడ్‌వాక్‌ల కోసమే ఇళ్ళ యజమానుల మీద ఫీజు వేసింది, తర్వాత చాలా ఇళ్ళకు ఏడాదికి 150 డాలర్లని స్థిరం చేసింది. ఒకే పనికి ఒకే ఫీజు కావడం బాగుంది, కానీ చిన్న ఇంటికీ పెద్ద ఇంటికీ ఒకటే.

సామామిష్ లాంటి పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళు సియాటిల్ లెవీ కట్టరు. మీ బ్యాలెట్‌లో వచ్చేది కింగ్ కౌంటీ పార్క్స్ లెవీ. 2025 ఆగస్టులో గెలిచిన దానికి ఆరేళ్ళ గడువు. ఊళ్ళను కలిపే ట్రైల్స్‌కు డబ్బు అందులో ఉంది. అద్దెకుండేవాళ్ళు ఇదంతా తమకు సంబంధం లేదనుకోకండి, ఇంటి యజమాని పన్ను అద్దెలోకి వస్తుంది, ఓటు మాత్రం మీదే.

ఆ నవంబర్‌లో వంటింటి బల్ల మీద బ్యాలెట్ పరిచి యెస్ గడి నింపాను. నాన్న అప్పటికి తెనాలి వెళ్ళిపోయారు. ఫోన్‌లో చెప్తే "మన వీధికి వస్తుందా?" అన్నారు. మా వీధి పేరు జాబితాలో లేదు, రెండు వీధుల అవతల ఉంది. ఈ లెవీ 2032తో అయిపోతుంది. ఓటర్ల పాంఫ్లెట్‌లో ఆ పేజీ చింపి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టాను.