మొరాకోలో పది రోజులు: ఫెజ్‌లో తృప్తి, ఎడారి దారిలో అలసట

మర్రకేష్‌లో దిగి, మూడు రోజుల్లో సహారా ఇసుకతిన్నెలు చూసి తిరిగి వచ్చేయడం మొరాకో వెళ్లేవారిలో చాలామందికి అలవాటు. మేమూ అదే పొరపాటు చేశాము కనుక ముందుగా దాని సంగతే చెబుతాను. మర్రకేష్ నుంచి ఎర్గ్ షెబ్బీ తిన్నెల పక్కనున్న మెర్జూగాకు దాదాపు 560 కిలోమీటర్లు. మధ్యలో అట్లాస్ పర్వతాలను 2,260 మీటర్ల ఎత్తున ఉన్న టిజీ న్ టిష్కా కనుమ మీదుగా దాటాలి. ఆ మలుపులకు నా భార్యకు కడుపులో తిప్పడం మొదలై కొండ దిగేదాకా తగ్గలేదు. వాంతుల మాత్ర ముందే వేసుకోవాల్సింది. ఐత్ బెన్ హద్దూ మట్టికోటకు గంట కూడా ఇవ్వని వ్యాను నిర్వాహకుడు, తివాచీల దుకాణంలో మాత్రం గంటన్నర కూర్చోబెట్టాడు. రాత్రి గుడారం బయట ఆకాశం చూశాక ఆ కోపం కొంత చల్లారిన మాట నిజమే. మరోసారి వెళితే ఫెజ్ నుంచి బయలుదేరి, ఒక రాత్రి అదనంగా ఉండి, మర్రకేష్‌లో తేలేలా చూసుకుంటాను.

ఖర్చుకు తగిన తృప్తినిచ్చింది ఫెజ్. 1981లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఈ పాత నగరంలోకి కారు రాదు. టాక్సీ ద్వారం దగ్గరే దించేస్తుంది, అక్కడి నుంచి సామాను తోపుడుబండి మీద వెళ్లాల్సిందే. అందుకే బస కుదుర్చుకునే ముందు ద్వారానికి ఎంత దూరమో అడగాలి. అక్కడ బస ఇచ్చే సంప్రదాయ ఇల్లు, రియాద్, అచ్చం మన మండువా లోగిలి: నడుమ వాకిలి, చుట్టూ గదులు, కిటికీలన్నీ లోపలికే. కింద అర్ధరాత్రి ఎవరు నవ్వినా మంచం మీద వినబడుతుంది, కాబట్టి పై అంతస్తు గది మేలు. సందుల్లో వెనుక నుంచి ‘బలాక్’ అని కేక వస్తే గోడకు ఒదిగిపోవాలి; వచ్చేది బరువు మోస్తున్న గాడిద. షువారాలో తోళ్లు పదునుచేసే రాతి తొట్లను చూడాలంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల మేడలెక్కాలి. మెట్ల దగ్గరే పుదీనా రెమ్మ చేతిలో పెడతారు. తోళ్లను మెత్తబరచడానికి పావురాల రెట్ట వాడతారని తెలిశాక ముక్కు దగ్గర పెట్టుకునే ఆ రెమ్మ విలువ అర్థమైంది.

శాకాహారులు ఒక్క విషయం గట్టిగా అడగాలి: కూరగాయల కుస్‌కుస్ (గోధుమ రవ్వ వంటకం) అని వడ్డించినా, దాన్ని మాంసం రసంలో ఉడికించి ఉండవచ్చు.

రైళ్ల మీద మాకు ఫిర్యాదు లేదు. 2018లో మొదలైన అల్ బొరాక్ అనే హైస్పీడ్ రైలు టాంజియర్, కాసాబ్లాంకాల మధ్య గంటకు 320 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కాసాబ్లాంకాలో ఒక పూట చాలు, అదీ హసన్ 2 మసీదు కోసమే. ముస్లిమేతరులను లోపలికి అనుమతించే మసీదులు మొరాకోలో బహు తక్కువ. చిన్న టాక్సీలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు. ఫెజ్‌లో అడగకుండానే మీటరు వేశారు. మర్రకేష్‌లో మేము ఆపిన నలుగురిలో ఒక్కరే ఒప్పుకున్నారు.