గిల్లాట్ 303, 404: ఏడేళ్లు సిరాలో ముంచాక

నా దగ్గర సిరాలో ముంచి రాసే పాత గిల్లాట్ కంపెనీ ఉక్కు పాళీల పెట్టెలు రెండున్నాయి. ఒకటి 303 రకం, ఇంకోటి 404 రకం. కొన్నప్పుడు ఒక్కో దాంట్లో గ్రోసు, అంటే 144 ఉండేవి. ఏడేళ్ల తర్వాత 404 పెట్టెలో పాతిక మిగిలాయి, 303 పెట్టెలో ఇంకా తొంభై దాకా ఉన్నాయి. ఏది రోజూ పనికొస్తుందో ఈ లెక్కే చెప్తుంది.

మొదటిరోజు పాళీని సిరాబుడ్డిలో ముంచి తీస్తే సిరా తామరాకు మీద నీళ్లలా జారిపోయింది. సరుకు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో వేసిన పూత. వేలిమీద కాస్త టూత్‌పేస్ట్ వేసి రుద్ది, కడిగి, తుడిస్తే సిరా పట్టింది. అగ్గిపుల్ల మంటమీద చూపించమనేవాళ్లూ ఉన్నారు. నేనూ చూపించాను. రెండు క్షణాలు ఎక్కువైంది, ఉక్కు పదును పోయి మొన మెత్తబడింది. మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఈ పాళీలు బర్మింగ్‌హామ్‌వి. జోసెఫ్ గిల్లాట్ అక్కడి గ్రాహం స్ట్రీట్‌లో ఫ్యాక్టరీ కట్టించాడు. పాళీలమ్మి సంపాదించిన డబ్బుతో ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ బొమ్మలు కొన్నాడు. గీతలు గీసే సామాను అమ్మినవాడికి గీతల మీద మోజుండటం నాకు నచ్చింది. భూతద్దంలో చూస్తే మొన వెనక సన్నటి సానపట్టిన గీతలు కనిపిస్తాయి. అక్కడ ఉక్కు పలచబడటం వల్లే నొక్కగానే రెండు పాయలు విడిపోయి, చెయ్యి తేలిక చేయగానే కలుసుకుంటాయి.

303 చాలా సున్నితం. జుట్టు, కనురెప్పలు, చీర అంచులోని దారాలు గీయాలంటే దీన్ని మించింది నేను చూడలేదు. కానీ కోపం మీదున్నప్పుడు ముట్టుకోకూడదు. కొంచెం పక్కకి తోస్తే చాలు, మొన కాగితం పీచులో గుచ్చుకుని, వదిలేటప్పుడు తాలింపులో ఆవాల్లా సిరా చిమ్ముతుంది. 404 గట్టిది. బొమ్మ చుట్టుగీతకి, నీడల కోసం అడ్డదిడ్డంగా గీసే గీతలకి అదే. రోజుకి గంట వాడితే నాకు మూడు వారాలు వస్తుంది. 303 నాలుగైదు రోజులొస్తే గొప్ప.

తెలుగు రాయడానికి కొనేవాళ్లకి ఒక మాట. ఈ మొన పాళీలు ఏటవాలు ఇంగ్లీషు రాతకి సరిపోతాయి. కిందికి లాగేటప్పుడు నొక్కితే లావు, పైకి పోయేటప్పుడు తేల్చితే సన్నం. తాటాకు చిరగకుండా గంటంతో రాయడం వల్లే మన అక్షరం గుండ్రబడిందంటారు. ఈ పాళీకి మాత్రం ఆ గుండ్రమే గండం. 'ర' ఒక్క ఊపులో రాయబోతే పైకెక్కే చోట తప్పకుండా తడబడుతుంది. నేను సున్నాని రెండు ముక్కలు చేస్తాను. పైనుంచి ఎడమగా కిందికి ఒక గీత, చెయ్యెత్తి మళ్లీ పైనుంచి కుడిగా ఇంకో గీత, రెండూ అడుగున కలుస్తాయి. ఇది అలవాటవడానికి ఆర్నెల్లు పట్టింది. తలకట్టు మాత్రం ఈ పాళీ కోసమే పుట్టినట్టుంటుంది. చిన్నగా కిందికి నొక్కి పైకి విసిరేస్తే ఆ తోక వెంట్రుకంత సన్నగా వస్తుంది.

సిరా సంగతి. ఫౌంటెన్ పెన్ సిరా మరీ పలచన, ఒక్కసారిగా బొట్టు జారిపోతుంది. నీళ్లలో నానబెట్టిన తుమ్మబంక ఒకటి రెండు చుక్కలు కలిపితే మాట వింటుంది. డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంక్ నల్లగా, అందంగా పడుతుంది గానీ పాళీ మీదే ఆరిపోతుంది. పది నిమిషాలకోసారి తడిగుడ్డతో తుడవాల్సిందే. ఐరన్ గాల్ సిరాతో (ఇనుప లవణం, చెట్ల బుడిపెల రసం కలిపి చేసేది) గీత ఇంకా సన్నగా తేలుతుంది, కాకపోతే దాని ఆమ్లం ఉక్కుని తినేస్తుంది. ఒకసారి కడగకుండా పడుకున్నాను, తెల్లారేసరికి మొన ఎర్రబడింది. మాది సముద్రం గాలి తగిలే ఊరు. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు లేకపోతే అంతే సంగతులు.

ఆన్‌లైన్‌లో 'వాడని పాత సరుకు' అంటే నమ్మేయకండి. వేరే రకం పాళీలు ఒకాయన దగ్గర కొంటే, సగం పాళీలకి మొన చీలికలోనే తుప్పు. మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. అప్పటినుంచి ముందు పది పాళీలే తెప్పించుకుని బొటనవేలి గోరుమీద నొక్కి చూస్తున్నాను. పాయలు సమానంగా విడిపోయి, సమానంగా కలవాలి. ఒకటి మీదికి ఇంకోటి ఎక్కితే పక్కన పెట్టేయడమే.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు 303 జోలికి పోకండి. జపాన్ నిక్కో జి పాళీ తీసుకోండి. బిరుసుగా ఉంటుంది, చెయ్యి బరువుని ఓర్చుకుంటుంది. అది అరిగేలోపు చెయ్యి కుదురుకుంటే అప్పుడు 404 చూడొచ్చు.

అరిగిన 404ని నేను పారేయను. మొన మొద్దుబారాక గీత కాస్త లావై, చిరునామాలకి హాయిగా ఉంటుంది. మొన్న మా మేనకోడలి పెళ్లికి 120 శుభలేఖల కవర్లు అలాంటి ఒక్క పాళీతోనే రాశాను. పసుపు పెట్టిన మూలల దగ్గర మాత్రం సిరా పాకింది, అక్కడ పిన్‌కోడ్ కొంచెం పైకి జరిపి రాశాను.