పాలు కారితే కాఫీలో పోసుకోవాలట!

సావ్ పౌలోలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. నాటు మందు మొక్కలు "కాంబో" అంటూ రోజూ మన ఫోన్లలో ఊదరగొడుతున్నాడే, వాడి జోలికి పోకండి. పేరు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది వాణ్ణి ఫాలో అవుతున్నవాళ్ళే.

మా అమ్మాయి వయొలిన్ టీచర్ దగ్గరున్న కమాను పావ్ బ్రజీల్ చెక్కది. ఈ దేశానికి పేరిచ్చిన చెట్టు, 1978లో జాతీయ వృక్షం చేశారు, ఇప్పుడేమో అంతరించిపోతోంది. ఒకటి పెంచుదామనిపించింది. దాంతోపాటు నా గ్యాస్ట్రైటిస్‌కి ఎస్పిన్యేరా సాంతా. ప్రభుత్వ మందుల జాబితాలో కూడా ఉన్న మొక్కే కదా అని ధైర్యం. వాడి దగ్గర రెండూ కలిపి 180 రెయాల్స్. పిక్స్‌లో (ఇక్కడి యూపీఐ లాంటిది) టకీమని కొట్టేశాను, బుద్ధి లేక.

గేటు దగ్గరి పోర్తేరు పెద్దాయన మొదటి మొక్కని చూసి నవ్వాడు. అది సిబిపిరునాట. మా వీధి పొడుగునా నీడనిచ్చే చెట్టు, కిందకి దిగితే కాయలు ఊరికే ఏరుకోవచ్చు! పావ్ బ్రజీల్‌కి లేత కొమ్మల నుంచే ముళ్ళుంటాయి. దీని కాండం నున్నగా ఉంది.

అప్పటికే రెండోదాని ఆకులు కోసి నాలుగు రోజులు కషాయం తాగాను. అనుమానమొచ్చి ఒక ఆకు తుంచితే తెల్లటి పాలు! అసలైనదానికి పాలు రావు. అచ్చం అలాంటి ముళ్ళ అంచుతోనే ఉండే సొరోసియా అనే చెట్టుకి వస్తాయి. పసరు వైద్యం చేసిన తాతకి మనవణ్ణి నేను. తాగక ముందు తుంచి చూడాలని తోచలేదు.

అమ్మినవాణ్ణి ఫోటో పెట్టి అడిగాను, మర్యాదగానే, నా వచ్చీరాని పోర్చుగీసులో "సెన్యోర్" అని కూడా రాసి. జవాబు: "పాలు వస్తున్నాయా? కాఫీలో పోసుకో." కింద నవ్వే బొమ్మ. నేను ఇంకో మాట టైపు చేసేలోపే బ్లాక్. డబ్బు పోతే పోయింది గానీ, ఆ నవ్వే బొమ్మ మాత్రం పడుకున్నా కళ్ళ ముందే ఉంటోంది. మా ఆవిడేమో రోజూ పొద్దున్నే "పాలు ప్యాకెట్‌వా, మొక్కవా?" అని అడుగుతోంది.

పిక్స్ వాపసు కోసం బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను, చూడాలి.

అన్నట్టు, మొక్కలు కొనేవాళ్ళు నర్సరీ రెనాసెమ్ (విత్తనాలు, మొక్కలు అమ్మేవాళ్ళ ప్రభుత్వ రిజిస్ట్రేషన్) నంబరు, బిల్లు అడగండి. మందాకైతే ఒకటి తుంచి చూడండి. సిబిపిరునా కావాలంటే మా బాల్కనీలో ఒకటుంది, ఉచితం.