పైహియాలో పప్పుచారు ఖరీదు 120 డాలర్లు

రాత్రికి 285 డాలర్లు, క్లీనింగ్‌కి మరో 60. "అన్ని సదుపాయాలున్న వంటిల్లు" అని ఫొటోలు చూసే న్యూజీలాండ్ ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న పైహియా ఊళ్లో ఆ బస తీసుకున్నాం. తీరా దిగాక ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం: ఘాటు వాసన వచ్చే వంటలు చేస్తే 120 డాలర్లు అదనం. బుక్ చేసేటప్పుడు ఈ ముక్క ఎక్కడా లేదు. ఓనర్‌ని అడిగితే టోస్టూ సలాడూ అయితే పర్లేదట, ఉల్లిపాయలు వేయించకూడదట. పక్క యూనిట్ వాళ్లు మాత్రం సాయంత్రమంతా బయట బార్బెక్యూ మీద మాంసం కాలుస్తూనే ఉన్నారు. అది ఘాటు కిందకి రాదు కాబోలు!

అత్తయ్యకి ఒళ్లు మండింది. "షుగరున్న మనిషికి మూడు పూటలా బ్రెడ్డు పెట్టమంటావా?" అని కొడుకుని వాయించారు. ఆక్లాండ్ నుంచి డబ్బాలో తెచ్చుకున్న పప్పుచారు మైక్రోవేవ్‌లో వేడి చేసుకున్నాం, అంతే. ఖాళీ చేసిన మర్నాడు కార్డు మీద 120 కోసేశారు. మా ఆయన మెయిల్ మీద మెయిల్ పెడుతున్నారు, జవాబు లేదు.

ఊరి తప్పేం లేదు. పక్కనే ఉన్న వైటాంగీ తప్పకుండా చూడాల్సిన చోటు. బ్రిటిష్ ప్రభుత్వానికీ, ఇక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలకూ 1840 ఫిబ్రవరి 6న ఒప్పందం జరిగింది ఇక్కడే. న్యూజీలాండ్‌లో ఉండేవాళ్లకి టికెట్ తక్కువ, అడ్రస్ రుజువు దగ్గర పెట్టుకోండి. చుట్టపుచూపుగా వచ్చిన అత్తయ్య మామయ్యలకి దాదాపు రెట్టింపు పడింది. అయినా ఆ డబ్బుకి నేను బాధపడలేదు. మావోరీ ఆటపాటల ప్రదర్శనకి ముందు, వాళ్ల స్వాగత ఆచారం కోసం సందర్శకుల తరఫున ఒక పెద్దని ఎంచుతారు, ఆ రోజు మామయ్యని పిలిచారు. ఈటె తిప్పుతూ నాలుక చాపి మీదికొచ్చిన కుర్రాడి ముందు ఆయన రెప్ప వేయకుండా నిలబడ్డారు. తర్వాత ముక్కుకి ముక్కు ఆనించి పలకరింపు. ఆ పూటంతా అత్తయ్య "మా నాయకుడుగారు" అని ఆటపట్టిస్తూనే ఉన్నారు. 35 మీటర్ల యుద్ధపు పడవ కూడా అక్కడే ఉంది, నడపాలంటే కనీసం 76 మంది తెడ్లు వేయాలి.

అవతలి ఒడ్డున రస్సెల్. ఫెర్రీలో పావుగంట. కారు అక్కర్లేదు, అంతా నడకే. ఒకప్పుడు తిమింగలాల వేటగాళ్ల తాగుడుకీ తగాదాలకీ పేరుమోసిన రేవు ఇది, ఇప్పుడు ఐస్‌క్రీం తింటూ తిరిగే ఊరు. క్రైస్ట్ చర్చి చెక్క గోడలకి బ్రిటిష్‌వాళ్లకీ మావోరీలకీ జరిగిన 1845 యుద్ధంలో తగిలిన తూటాల గుర్తులు ఇంకా ఉన్నాయి.

జెండా కొండ ఎక్కడానికి మోకాళ్ల నొప్పులున్న మామయ్యే ముందు బయల్దేరారు. ఒప్పందం మీద తొలి సంతకం చేసిన మావోరీ పెద్ద హోనే హెకేయే తర్వాత ఎదురుతిరిగాడు, ఇక్కడి బ్రిటిష్ జెండాకర్ర నాలుగుసార్లు నేలకూలింది. ఇంతా అయ్యాక 1858లో మళ్లీ కర్ర పాతింది ఆ పోరాడిన మావోరీల వైపువాళ్లే. "సంతకం పెట్టించుకున్నాక షరతులు మారిస్తే ఎవడికైనా మండుతుంది" అన్నారు మామయ్య. అత్తయ్య వెంటనే ఫ్రిజ్ మీది కాగితం గుర్తుచేశారు.

సముద్రంలో రాతిదీవి మధ్యనున్న కన్నం (హోల్ ఇన్ ద రాక్) దాకా వెళ్లే పడవ ఎక్కాలనుకుంటే అలలు తక్కువున్న రోజు చూసుకోండి, సముద్రం అల్లకల్లోలంగా ఉంటే లోపలికి పోనివ్వరు. బసకి మాత్రం హాలిడే పార్క్‌లో (గుడారాలకి చోటూ చిన్న కేబిన్లూ అద్దెకిచ్చే చోటు) కేబిన్ నయం. వంటిల్లు ఉమ్మడిదే కానీ పోపు పెడితే ఎవరూ బిల్లు వేయరు.